మాదాపూర్ నుంచి కొల్లూరు దాకా: పనివాళ్ల ఇంటి చరిత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఈ ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు అడిగారు. చరిత్ర అనగానే గోల్కొండ, దుర్గం చెరువు, పాత గుళ్లు, పెద్దమనుషుల పేర్లు గుర్తుకొస్తాయి. వాటి గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లుగా సిమెంటు, ఇనుము లెక్కలతో కాలం గడిపిన సివిల్ ఇంజనీరుగా నేను ఒక చిన్న ప్రశ్న మాత్రమే తీసుకున్నాను. ఈ ప్రాంతంలో ఒళ్లు వంచి పనిచేసిన మనిషి రాత్రిపూట ఎక్కడ తల దాచుకున్నాడు? అందుకు తన కూలిలో ఎంత భాగం ఇచ్చాడు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. మన బడి హాజరుపట్టీలో కనిపించింది. గత కొన్నేళ్లుగా సంఘం తరఫున బడికి వెళ్లినప్పుడల్లా టీచర్లు ఒకే మాట చెబుతున్నారు. జూన్‌లో చేరిన పిల్లల్లో కొందరు సంక్రాంతి నాటికి ఉండటం లేదు. కారణం అడిగితే తల్లులు చెప్పేది కూడా ఒకటే: "కిరాయి పెంచిన్రు సార్, వేరే దిక్కు పోతున్నం." మనం చదివిన రోజుల్లో బడి మానేయడానికి కారణాలు వేరు. పశువులు కాయడం, పెళ్లి, ఇంట్లో జబ్బు. కిరాయి వల్ల బడి మారడం కొత్త సంగతి. అది ఎట్లా మొదలైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జాగీరు భూములు, రాతిగుట్టలు

మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లలోనే సగం చరిత్ర ఉంది. రాయదుర్గం పాయిగా, రాయదుర్గం పాన్‌మక్తా, ఖానామెట్, గుట్టల బేగంపేట, ఇజ్జత్‌నగర్. పాయిగాలు నిజాం కొలువులో పెద్ద ప్రభువులు. మక్తా అంటే నిర్ణీత శిస్తు మీద ఇచ్చిన భూమి. 1949లో నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి, అదే ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. దున్నుకునేవారిలో కొందరికి పట్టా దొరికింది, కొందరికి కాగితం లేకుండా అనుభవం మాత్రమే మిగిలింది. ఆనాడు ఈ తేడాను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఇక్కడి నేల చాలావరకు రాళ్లమయం. జొన్న, ఆముదం, అక్కడక్కడ ద్రాక్షతోట, మిగిలినదంతా గుట్టలు, సీతాఫలం చెట్లు.

ఆ గుట్టల మీద ఆధారపడి బతికినవారు రాయి కొట్టే వడ్డెరలు. గని ఎక్కడుంటే గుడిసె అక్కడే. మాదాపూర్ దగ్గర వడ్డెర బస్తీ అనే పేరు అందుకే నేటికీ మిగిలింది. పాలమూరు జిల్లా నుంచి మట్టిపనికి వచ్చినవారు కూడా పని పక్కనే గుడిసె వేసుకునేవారు. భూమి యజమాని అభ్యంతరం చెప్పేవాడు కాదు, చెప్పినా పండో కాయో ఇస్తే సరిపోయేది.

1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. మనలో చాలామంది అన్నలు, నాన్నలు ఆ క్యాంపస్ కట్టడాల మీద కూలికి వెళ్లినవారే. నేను పదో తరగతి పాసైన 1985లో మా గల్లీలో ఒక పెంకుటింటి గది కిరాయి, మా పక్కింటి మేస్త్రీ మూడు రోజుల కూలికి సమానంగా ఉండేది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి. రూపాయల లెక్క చెబితే ధరలు పెరగలేదా అంటారు. కిరాయిని కూలి రోజుల్లో కొలిస్తే మోసం ఉండదు.

పని వెంట ఇల్లు వచ్చిన కాలం

హైదరాబాద్‌కు పనివాడి ఇంటి గురించి ఆలోచించే అలవాటు పాతదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయని మన సోషల్ సారు చెప్పేవారు. ఆ వరద తర్వాత మరొకటి కూడా వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించడంతోపాటు పేదవారికి గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కట్టడం దాని బాధ్యత. నగరంలో కొన్నిచోట్ల 'సీఐబీ క్వార్టర్స్' అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఫ్యాక్టరీల కాలం వచ్చింది. 1952లో కేంద్ర ప్రభుత్వం పారిశ్రామిక కార్మికులకు సబ్సిడీ ఇళ్ల పథకం పెట్టింది. సనత్‌నగర్‌లో కార్మికుల ఇళ్లు వచ్చాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఏర్పడింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీతోపాటే టౌన్‌షిప్ వచ్చింది. ఇళ్లు, బడి, ఆసుపత్రి, మైదానం అన్నీ అందులోనే. మన తరగతిలో బీహెచ్ఈఎల్ పిల్లలు ఉంటే వాళ్ల చెప్పులు చూసి అసూయపడేవాళ్లం.

ఒకసారి మన పరిసరాల కాలనీల పేర్లు గమనించండి. బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, ఆల్విన్ కాలనీ, హెచ్ఎంటీ హిల్స్, ఐడీపీఎల్ కాలనీ. ఫ్యాక్టరీ పేరే చిరునామా. ఆల్విన్ ఫ్యాక్టరీలో మామూలు కార్మికుడిగా మొదలైన టంగుటూరి అంజయ్యగారు 1980లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఫ్యాక్టరీలో ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదు, నిలదొక్కుకునే జాగా కూడా. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో బలహీనవర్గాల ఇళ్లు, అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ వర్గాల ఇళ్లు పక్కపక్క రోడ్లలో కట్టారు. గుమస్తా, టర్నరు, లెక్చరరు ఒకే మార్కెట్లో కూరగాయలు కొన్నారు.

ఇళ్లు లేనివారి కోసం 1967లో మొదలైన నగర సాముదాయికాభివృద్ధి కార్యక్రమం బస్తీల్లో పనిచేసింది. 1980 దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో బస్తీలకు నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు వేశారు. బస్తీని లేపేయడం కన్నా ఉన్నచోటే బాగుచేయడం చవక, మేలు అని హైదరాబాద్ దేశానికి చూపించింది. ఈ వివరాలు చెప్పడం గతాన్ని పొగడటానికి కాదు. ఆ ఏర్పాట్లు అందరికీ అందలేదు. వడ్డెరలకు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఇల్లు ఇవ్వలేదు. కానీ పని తెచ్చేవాడు ఇల్లు కూడా చూడాలి అనే నియమం ఒకటి ఆనాడు ఉంది. తర్వాత తెగిపోయింది ఆ నియమమే.

1998 తర్వాత

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే సంవత్సరం ట్రిపుల్ ఐటీ మొదలైంది, మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చింది. అదే ఏడాది 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2003లో సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, గచ్చిబౌలి నుంచి అక్కడికి ఔటర్ రింగు రోడ్డు మొదటి భాగం. పదేళ్లలో మన ఊళ్లు పంచాయతీల నుంచి ప్రపంచపటంలోకి ఎక్కాయి.

దీనివల్ల జరిగిన మేలు కాదనలేనిది. మన సంఘంలో నూటికి సగం కుటుంబాలు ఈ మార్పు మీదే నిలబడ్డాయి. నాలాంటి ఇంజనీర్లకు ముప్పై ఏళ్లు చేతినిండా పని దొరికింది. మన పిల్లలు సముద్రాలు దాటారు.

అయితే ఫ్యాక్టరీ కాలానికీ ఐటీ కాలానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బీహెచ్ఈఎల్‌లో ఊడ్చేవాడు కూడా బీహెచ్ఈఎల్ ఉద్యోగే, రోల్ మీద పేరు ఉండేది. ఆ పేరు మీదే క్వార్టర్ వచ్చేది. ఐటీ భవనంలో ఊడ్చే మనిషి, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ, క్యాంటీన్‌లో వండే మనిషి, క్యాబ్ డ్రైవరు, వీరిలో ఎక్కువమంది ఆ కంపెనీ ఉద్యోగులు కారు. ఏజెన్సీ మనుషులు. ఏడాది కాంట్రాక్టు మారితే యూనిఫాం రంగు మారుతుంది. రోల్ మీద పేరు లేనివాడికి క్వార్టర్ ఎవరిస్తారు? కంపెనీలకు ఎకరాలు ఇచ్చారు కానీ, ఆ ఎకరాల్లో పనిచేసే కిందిస్థాయి మనుషుల ఇళ్లకు పక్కనే జాగా చూడటం ఆ ప్రణాళికలో భాగం కాలేదు. ఐటీ కారిడార్‌లో ఆల్విన్ కాలనీ లాంటిది ఒక్కటీ పుట్టలేదు.

మరి ఈ భవనాలు కట్టినవారి సంగతి? 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 34వ సెక్షన్ ఉండేది. పని జరిగే చోటే, లేదా దగ్గర్లో, కార్మికులకు ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలని అది చెప్పేది. మంచి నియమం. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉండేది. పని పూర్తికాగానే ఆ తాత్కాలిక కట్టడాలను తొలగించాలి. ఇంజనీరుగా ఈ సెక్షన్ నాకు కొట్టిన పిండి. ఇరవై అంతస్తుల భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చే నాటికి, దాన్ని కట్టిన మనిషి రేకుల గది నేలమట్టమై, ఆ జాగాలో పచ్చగడ్డి పరిచి ఉంటుంది. చట్టమే కూల్చమని చెప్పిన ఇల్లు కూలివాడిది ఒక్కటే.

గజం లెక్క

ఇక ధరల సంగతికి వద్దాం. ఎకరానికి 4,840 గజాలు. 2021 జులైలో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 60 కోట్ల 20 లక్షలు పలికింది. గజానికి లక్షా 24 వేలు. 2023 ఆగస్టులో అదే నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వెళ్లింది. గజానికి 2 లక్షల 8 వేలు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. గజానికి 3 లక్షల 65 వేలు. నాలుగేళ్లలో దాదాపు మూడింతలు. ఈ మూడు వేలాల్లోనూ అమ్మింది ప్రైవేటు యజమాని కాదు, ప్రభుత్వ సంస్థలే. ఒకప్పుడు హౌసింగ్ బోర్డు రూపంలో భూమికి ధర తగ్గించి ఇళ్లు కట్టిన ప్రభుత్వమే, ఇప్పుడు ఖజానా కోసం అత్యధిక ధర కోరుకునే అమ్మకందారు అయింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ పద్ధతి మారలేదు కాబట్టి దీన్ని ఒక పార్టీ తప్పుగా చూడటం సరికాదు.

ధర ఇంత ఎందుకు పెరిగింది? ఉద్యోగాలు పెరగడం ఒక కారణం. నియమాలు మారడం ఇంకో కారణం. 2006లో వచ్చిన 86వ నంబరు జీవోతో, స్థలానికి ఇంత మేరకే కట్టాలి అనే నిర్మాణ నిష్పత్తి పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ జాగా ఉంటే ఎత్తుకు కట్టుకోవచ్చు. 2008 మార్చిలో పట్టణ భూపరిమితి చట్టం రద్దును రాష్ట్రం ఆమోదించింది. ఎత్తుకు కట్టనిస్తే ఇళ్లు ఎక్కువై ధర తగ్గాలి కదా అని మీరు అడగవచ్చు. సగం నిజమే. కానీ ఒక ఎకరంలో పది అంతస్తులు కాక నలభై అంతస్తులు కట్టవచ్చని తెలిస్తే, బిల్డరు ఆ ఎకరానికి ముందుగానే ఎక్కువ చెల్లించగలడు. వేలంలో ఆ లాభమంతా భూమి ధరలోకి చేరుతుంది. అంత ధర పెట్టి కొన్నాక ఎవరైనా కట్టేది పెద్ద ఫ్లాట్లే. చిన్న గదులు కడితే లెక్క తేలదు.

కోకాపేటలో వేలం జరిగితే మా గల్లీలో రేకుల గది కిరాయి ఎందుకు పెరగాలి? ఇక్కడే అసలు లింకు ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ వెనక ఉన్న సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ లాంటి బస్తీలు చూడండి. అరవై, డెబ్బై గజాల ముక్కలు. ఒకప్పుడు ఒక్కో ముక్కలో ఒక ఇల్లు, వెనక రెండు కిరాయి గదులు ఉండేవి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. గదికి ఒక కూలి కుటుంబం నెలకు 6 వేలు ఇవ్వగలదనుకోండి. అదే గదిలో మూడు మంచాలు వేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కోచింగ్ తీసుకునే పిల్లలకు తలా 6 వేలకు ఇస్తే 18 వేలు. భోజనం ఖర్చు తీసేసినా యజమానికి కుటుంబం ఇచ్చేదానికన్నా ఎక్కువే మిగులుతుంది. అందుకే పాత ఇల్లు పడిపోయి ఐదంతస్తుల హాస్టల్ లేచింది. వీధికి అయిదారు బోర్డులు. కుటుంబానికి గది అద్దెకిచ్చే ఇల్లు కనపడటం లేదు.

ఈ తొందరలో కట్టడాల భద్రత కూడా గాలికి పోతోంది. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో కట్టిన ఒక బహుళ అంతస్తుల భవనం, పక్క ప్లాటులో పునాదికి గుంతలు తవ్వుతుండగా ఒరిగిపోయింది. లోపలివాళ్లు బయటపడ్డారు, భవనాన్ని మర్నాడు కూల్చేశారు. యాభై అరవై గజాల్లో అయిదు అంతస్తులు, పక్క గోడకూ దీనికీ మధ్య జానెడు సందు లేకుండా కడితే, పునాది మీద పునాది పోటీ పడుతుంది. ఇది ఇంజనీరింగ్ సమస్య లాగా కనిపిస్తుంది కానీ మూలం గజం ధరలోనే ఉంది.

హాస్టల్ యజమానులను తిట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో మన క్లాస్‌మేట్లు ఉన్నారు. పొలం పోగొట్టుకున్న కుటుంబానికి ఆ డెబ్బై గజాలే పింఛను. పట్టా లేనివారికి 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 నంబరు జీవోలు కొంత ఊరట ఇచ్చాయి. 125 గజాల లోపు ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ దొరికింది. చాలామంది తల్లులు మొదటిసారి తమ పేరు మీద కాగితం చూసుకున్నారు. అయితే ఈ జీవోలు ఇల్లు ఉన్నవాడికే పనికొచ్చాయి. కిరాయికి ఉన్నవాడికి ఏ జీవో లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన కొలతకు వద్దాం. 1985లో మూడు రోజుల కూలి. ఇవాళ అదే మా గల్లీలో ఒక రేకుల గదికి, కరెంటు, నీళ్లతో కలిపి, ఒక సెంట్రింగ్ హెల్పరు పది పన్నెండు రోజుల కూలి ఇస్తున్నాడు. వానకాలంలో పని దొరికేదే నెలకు పదిహేను, పద్దెనిమిది రోజులు. మిగిలినదానిలో తిండి, మందులు, ఊరికి పంపే డబ్బు, పిల్లల చదువు.

దూరం కూడా కిరాయే

కిరాయి కట్టలేనివాడు బయటికి జరుగుతాడు. 2000 ప్రాంతంలో మాదాపూర్‌లోనే ఉన్న పనివాళ్లు తర్వాత బోరబండ, అల్లాపూర్ వైపు, హఫీజ్‌పేట, మియాపూర్ వైపు వెళ్లారు. అక్కడా పెరిగాక చందానగర్, లింగంపల్లి, ఆ తర్వాత అమీన్‌పూర్, పటాన్‌చెరు. ఇంకోవైపు మణికొండ నుంచి నార్సింగి, అక్కడి నుంచి శంకర్‌పల్లి రోడ్డు. ఈ జరుగుబాటుకు రైలు కొంత తోడ్పడింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లింగంపల్లి నుంచి మొదలైంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చిలో, రాయదుర్గానికి నవంబరులో వచ్చింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇళ్లల్లో పనిచేసే తల్లులకు ఇది నిజంగా పెద్ద సాయం. కానీ ఉచిత బస్సు ఛార్జీని తగ్గిస్తుంది, గంటలను తగ్గించలేదు.

ఇక ప్రభుత్వం కట్టిన ఇళ్లు. వైఎస్ కాలంలో రాజీవ్ గృహకల్ప పేరుతో చందానగర్ దగ్గర పాపిరెడ్డి కాలనీ లాంటి చోట్ల చిన్న ఫ్లాట్లు వచ్చాయి. తెలంగాణ వచ్చాక డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పథకం. 2023 జూన్ 22న కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయాన్ని ప్రారంభించారు. ఇంటికి 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది. లబ్ధిదారుడి నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంజనీరుగా ఆ సముదాయం చూసి సంతోషించాను. రోడ్లు, నీటి ట్యాంకులు, లిఫ్టులు ఒక పద్ధతిలో ఉన్నాయి. 1912 నాటి బోర్డు పెద్దలు చూస్తే మెచ్చుకునేవారు.

అయితే ఆ ఇళ్లు నగరంలోని వేరువేరు నియోజకవర్గాలవారికి డ్రా తీసి ఇచ్చారు. డ్రాలో పేరు చూస్తారు, పని ఎక్కడో చూడరు. మాదాపూర్‌లో నాలుగిళ్లలో పనిచేసే అమ్మ మొదటి ఇంటికి ఉదయం ఆరున్నరకు చేరాలి. కొల్లూరు నుంచి రెండు బస్సులు మారి రావాలంటే ఎన్నింటికి లేవాలి? రాత్రి షిఫ్టు సెక్యూరిటీకి తెల్లవారుజామున తిరిగి వెళ్లే బండేది? జీవితకాలపు కల లాంటి ఇల్లు వచ్చాక కూడా, పని దగ్గర ఇంకో చిన్న గది కిరాయికి తీసుకునే కుటుంబాలు నాకు తెలుసు. ఇల్లు ఒకచోట, కూడు ఒకచోట.

పోలికకు ఒక్క ఉదాహరణ. మన హౌసింగ్ బోర్డు పుట్టిన 1960లోనే సింగపూర్‌లో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇవాళ అక్కడ పదిమంది పౌరుల్లో దాదాపు ఎనిమిదిమంది ఆ బోర్డు కట్టిన ఇళ్లలోనే ఉంటారు. రైల్వే స్టేషను ఎక్కడ పెడితే ఇళ్లూ అక్కడ కట్టారు. వాళ్ల రాజకీయం వేరు, భూమి మీద అక్కడి ప్రభుత్వ పట్టు వేరు. అన్నీ మనకు వర్తించవు. అయినా ఇద్దరూ ఒకే ఏడాది బయల్దేరారు. వాళ్లు భూమిని ఇళ్ల కోసం దాచుకున్నారు, మనం వేలానికి దాచుకున్నాం.

2020 మే 1

ఈ చరిత్రలో ఒక తేదీ మన స్టేషనుకే చెందింది. కరోనా లాక్‌డౌన్ మొదలైన నెల దాటాక, 2020 మే 1 తెల్లవారుజామున దేశంలో మొట్టమొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు బయల్దేరింది. ఎక్కడి నుంచి? లింగంపల్లి నుంచి. దాదాపు 1,200 మంది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లారు. వారిలో చాలామంది కంది దగ్గర హైదరాబాద్ ఐఐటీ భవనాలు కడుతున్నవారు. తర్వాత నెలరోజులపాటు దేశమంతా చూసిన దృశ్యానికి మన ప్లాట్‌ఫాం మొదటి పేజీ అయింది.

మనం చిన్నప్పుడు పరీక్షలకు ఎక్కిన ఆ స్టేషను ఆ రోజు ఏం చెప్పిందో ఆలోచించాలి. జీహెచ్ఎంసీ లెక్కల్లో నగరంలో 1,476 మురికివాడలు ఉన్నాయి. కానీ ప్రహరీ వెనక ఉన్న లేబర్ క్యాంపు మురికివాడ కిందకూ రాదు, కాలనీ కిందకూ రాదు. అక్కడివాళ్లు ఎక్కడి ఓటర్లో, ఏ రేషన్ షాపు కార్డుదారులో ఎవరికీ పట్టదు. పని ఆగిన రోజున వాళ్లకు ఇక్కడ ఇల్లంటూ ఏదీ లేదు. ఇల్లు ఉన్నవాడు లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నాడు. ఇల్లు లేనివాడికి ఊరు గుర్తొచ్చింది.

మన బడి, మన చేతిలో ఉన్న పని

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పిల్లవాడు ఏ బడికి మారినా వెంటనే టీసీ ఇవ్వాలనీ, కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదనీ అందులో ఉంది. మన టీచర్లు దాన్ని నిక్కచ్చిగా పాటిస్తున్నారు. కానీ టీసీ ఇవ్వడం సులువు. ఏడో తరగతి భిన్నాల మధ్యలో బయటికి వెళ్లిన పిల్ల, కొత్త బడిలో బీజగణితం మధ్యలో చేరుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి బడికి పోదు, అమ్మ వెంట పనికి పోతుంది. మన ప్రాంతంలో భూమి వేలం, బాలిక చదువు ఈ దారినే కలుస్తున్నాయి.

భూమి విధానం మార్చడం మన సంఘం చేతిలో లేదు. వేలం సొమ్ములో కొంత భాగం పనిచోటుకు దగ్గర కిరాయి ఇళ్లకు వెచ్చించాలని, మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్ల పక్క ప్రభుత్వ స్థలాల్లో కొన్నైనా అమ్మకుండా ఉంచాలని అడగవచ్చు, అడగాలి. పేదలకు సొంత ఇల్లు ఒక్కటే పరిష్కారం అనే ఆలోచన నుంచి బయటపడి, చవకైన కిరాయి గదులు కూడా కట్టాలి. అవి పెద్ద మాటలు. కానీ మన సంఘంలో కిరాయి ఇళ్లున్నవారు చాలామందే ఉన్నారు. వారికి మూడు విన్నపాలు.

ఒకటి, బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబానికి కిరాయి పెంచాలనుకుంటే మే నెలలోనే పెంచండి. జూన్ నుంచి ఏప్రిల్ వరకు వద్దు. మా ఇంటి వెనక గదుల్లో మూడేళ్లుగా ఈ పద్ధతే పాటిస్తున్నాం. రూపాయి నష్టం రాలేదు, పైగా గదులు ఖాళీగా ఉండటం తగ్గింది. రెండు, హాస్టల్ కట్టేటప్పుడు కింది అంతస్తులో ఒకటి రెండు గదులైనా కుటుంబాలకు ఉంచండి. రాత్రిపూట ఆ వీధికి కూడా మేలు. మూడు, ఇల్లు మారాల్సిన పరిస్థితి ఎవరికైనా వస్తే, ముందుగా బడిలో చెప్పమనండి. విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా ఆ పిల్లల బస్సు ఖర్చు సంఘం భరించగలదు. కిందటి సంవత్సరం అలా మధ్యలో వెళ్లిపోయిన పిల్లల సంఖ్య మన నిధికి మించిన బరువేమీ కాదని నేను లెక్క వేసి కార్యవర్గానికి ఇచ్చాను.

సైబర్ టవర్స్ కట్టినప్పుడు కంకర మోసిన కుటుంబాల మనుమలు ఇవాళ మన బడిలో ఉన్నారు. వాళ్లు పదో తరగతి పరీక్ష మన బడి నంబరుతోనే రాయగలిగితే, ఈ స్వర్ణోత్సవానికి ఫ్లెక్సీలు లేకపోయినా ఫరవాలేదు. కిరాయి ఇళ్లున్న మిత్రులు తమ పేర్లు మే నెల లోపు సంఘం కార్యదర్శికి ఇవ్వగలరు.